రెండు గుండిగల కథ



వ్యాకరణం, ఛందస్సు విడిచి ఈ పంతులు గణకయంత్రాల చరిత్రలో తలదూర్చడమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఒక నష్టం. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, మా బడిపిల్లల చేత వాళ్ల అమ్మమ్మల, నాయనమ్మల నోటి మాటలను చీటీల మీద రాయించి పోగుచేశాను. విరమణ తరువాత వాటిని వెతుక్కునే వీలు కోసం, మా అమ్మాయి దగ్గర నేర్చిన సీషార్ప్‌తో, ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ మీద ఒక చిన్న జాల అనువర్తనం అల్లుకున్నాను. 2018లో ఒక రాత్రి, వెయ్యికి పైగా మాటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎందుకని తవ్వబోతే ముప్ఫై ఏళ్ల చరిత్ర బయటపడింది.

పెళ్లివంట చేసే వంటవాడు సంతకు వెళ్లడు. కావలసినవాటికి పట్టీ రాసిస్తాడు. సమకూర్చడం పెళ్లివారి పూచీ. ప్రోగ్రాములోని ఒక భాగం తనకు కావలసిన సేవలను తానే తెచ్చుకోక, కన్‌స్ట్రక్టరులో పట్టీ ఇచ్చి ఊరుకోవడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. సమకూర్చే పెళ్లిపెద్దను కంటెయినర్ అంటారు.

అదుపు చేతులు మారాలన్న భావం పాతదే. రాల్ఫ్ జాన్సన్, బ్రయాన్ ఫూట్ 1988 నాటి వ్యాసంలోనే 'ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్'ను ప్రస్తావించారు. 2002లో రాడ్ జాన్సన్ తన జావా గ్రంథంతో పాటు సుమారు 30,000 పంక్తుల ప్రోగ్రామునూ ఇచ్చాడు. అది పెరిగి 2004 మార్చిలో స్ప్రింగ్ 1.0 అయింది. అదే ఏడు జనవరిలో మార్టిన్ ఫౌలర్, పాత పేరు మరీ విశాలమైనదని, 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అన్న పేరును స్థిరపరిచాడు. నాకు మాత్రం ఆ పేరు నచ్చదు. సూదిమందు స్ఫురించే చోట 'వడ్డన' అంటే పోయేదేముంది?

2016 జూన్‌లో వెలువడిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 1.0 ఈ వడ్డనను చట్రంలోనే అంతర్భాగం చేసింది. స్టార్టప్ అనే క్లాసులో రెండు ఘట్టాలు: సేవల నమోదు ఒకటి, అభ్యర్థనలు నడిచే దారిని పరవడం రెండవది. చిక్కంతా ఇక్కడే. మొదటి ఘట్టంలో అనువర్తనపు కంటెయినర్ ఇంకా పుట్టదు. రెండవ ఘట్టానికి పుడుతుంది కాని, అతిథి ఇంకా రాడు.

వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కావాలని మన శాస్త్రం. పట్టీ ఆకాంక్ష, రకం సరిపోవడం యోగ్యత. ఆరంభవేళ లోపించేది సన్నిధి! సింగిల్టన్ సేవ అందరికీ ఒకే గుండిగ వంటిది. స్కోప్డ్ సేవ విస్తరాకు వంటిది: అతిథి వస్తే వేస్తారు, వెళ్లగానే తీస్తారు. డేటాబేసుతో మాట్లాడే డీబీకాంటెక్స్ట్ సాధారణంగా ఈ రెండవ జాతిదే. అతిథి రాకముందే అది కావాలంటే, క్రియేట్‌స్కోప్ అని పిలిచి మనమే ఒక ఆకు వేసుకొని, పని కాగానే తీసివేయాలి. 2017 ఆగస్టు నాటి 2.0, అభివృద్ధి దశలో ఆకు లేకుండా అడిగినవారిని దోషం చూపి ఆపసాగింది. ఆరంభపు పనులకు ఐహోస్టెడ్‌సర్వీస్ అనే స్థానమూ కల్పించింది.

నేనో, మొదటి ఘట్టంలోనే తొందరపడి బిల్డ్‌సర్వీస్‌ప్రొవైడర్‌ను పిలిచి, దొరికిన పదకోశం నిండా మాటలు నింపాను. అది వేరే కంటెయినర్. చట్రం ఆ తరువాత తన కంటెయినరును తాను కట్టుకుంది. అందులోని పదకోశం ఖాళీ. అనువర్తనం ఆగేటప్పుడు కోశాన్ని దస్త్రంలోకి తిరిగి రాయమని చెప్పిందీ నేనే. ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటామే, నా దస్త్రం ఆ అర్థంలో నిండుకుంది.

"నాన్నగారూ, పొయ్యి మీద రెండు గుండిగలు పెట్టారు. వండింది ఒకదాంట్లో, వడ్డించింది ఇంకొకదాంట్లోంచి" అన్నది అమ్మాయి. నకలు ఉందా అని అడిగింది. లేదు.

ఊరట ఏమంటే, చట్రం కట్టినవారికీ ఇంచుమించు ఇదే చిక్కు. స్టార్టప్ కన్‌స్ట్రక్టరుకు అందించడానికి ఒక కంటెయినరు, అనువర్తనానికి మరొకటి కట్టేవారు. ఒక్కటే ఉండవలసిన సింగిల్టన్ రెండయ్యే ప్రమాదం. 2019 సెప్టెంబరు నాటి 3.0లో కంటెయినరును ఒక్కటే చేసి, ఆ కన్‌స్ట్రక్టరు కోరదగినవాటిని పరిసరం, అమరికల వివరాలకు కుదించారు. కఠినమే గాని సబబు. నా వంటి తొందరపాటుకు తలుపు మూయలేదు. హెచ్చరిక మాత్రం చూపుతారు. 2021 నవంబరు నాటి డాట్‌నెట్ 6 కొత్త మూసలో స్టార్టప్ క్లాసే లేదు. బిల్డ్ అన్న పంక్తికీ రన్ అన్న పంక్తికీ నడుమ జాగా కంటికి కనిపిస్తుంది. మాటలను డేటాబేసుకు మార్చి, ఇప్పుడు అక్కడే ఆకు వేసి చదివించుకుంటున్నాను.

చీటీలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. కొన్నిటిని చెదలు తిన్నాయి. మిగిలినవి మళ్లీ ఎక్కిస్తున్నాను. నిన్నటికి 'చ' దాకా వచ్చాను.