కపాలంలోని లోకం: ముస్లిం హకీముల శరీరశాస్త్రం, హైదరాబాదు ముద్రణలు, ఉప్పల్ పరిశోధనాలయాలు

హైదరాబాదు నగరానికి తూర్పున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తార్నాక, హబ్సిగూడల మీదుగా ఉప్పల్‌కు పోయే దారి ఉన్నది. ఈ దారికి ఒక కొసన దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా ఉన్నది. శతాబ్దాల నాటి అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడం దాని పని. అదే దారిలో హబ్సిగూడ వద్ద సి.సి.ఎం.బి. అని అందరూ పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నది. మానవదేహాన్ని కణం కణంగా పరీక్షించడం దాని పని. రెండింటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కాని మొదటి సంస్థ గ్రంథాలను చదవగలిగినవారు రెండవ దాని వైపు పోవడం అరుదు. రెండవ దానిలో పనిచేసేవారికి మొదటి దాని గ్రంథాల పేర్లు కూడా తెలియడం అరుదు. ఈ ఎడబాటు వలన మనకు కలుగుతున్న నష్టమేమిటో ఒక్క విషయాన్ని తీసుకొని పరిశీలిద్దాం. ఆ విషయం మానవ కపాలం లోపలి నిర్మాణం.

దాయిరతుల్ మఆరిఫ్ 1888లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో స్థాపితమైనది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసైన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మౌలానా అన్వారుల్లా ఖాన్ దాని స్థాపకులు. హదీసు, చరిత్ర, ఖగోళశాస్త్ర గ్రంథాలతోపాటు ఈ సంస్థ వైద్యగ్రంథాలను కూడా వెలువరించింది. ఇబ్నుల్ ఖుఫ్ రచించిన శస్త్రచికిత్సా గ్రంథం 'అల్ ఉమ్దా' 1937లో అచ్చయినది. ఇబ్న్ హుబల్ బగ్దాదీ రచన 'అల్ ముఖ్తారాత్' 1940లలో నాలుగు భాగాలుగా వచ్చింది. అబూబక్ర్ రాజీ మహాగ్రంథం 'అల్ హావీ' 1955 నుండి వరుసగా వెలువడి ఇరవై మూడు భాగాలకు చేరింది. దాని మొదటి భాగం శిరోవ్యాధులతోనే ప్రారంభమవుతుంది. ఇబ్నుల్ ఖుఫ్ క్రైస్తవుడన్న సంగతి ఇక్కడ గమనార్హం. అరబీ వైద్యం ఒక్క మతస్థుల సొత్తుగా కాక, ఒక నాగరికతలోని వారందరి ఉమ్మడి కృషిగా పెరిగింది.

ఇక కపాలం మాటకు వద్దాం. ముఖాస్థులతో కలిపి లెక్కిస్తే పుర్రెలో ఇరవై రెండు ఎముకలున్నాయి. వాటిలో ఎనిమిది మెదడుకు పెట్టెవలె అమరి ఉంటాయి. ఈ పెట్టె అడుగుభాగం చదునుగా ఉండదు. ముందు నుండి వెనుకకు మెట్లు దిగినట్లు మూడు పల్లాలుగా ఉంటుంది. వెనుక పల్లంలో ఉన్న మహారంధ్రం గుండా వెన్నుపాము క్రిందికి దిగుతుంది. చెవి వెనుకభాగాన కణత ఎముకలో ఒక అంశం లోపలికి గట్టులాగా పొడుచుకొని వస్తుంది. వినికిడికి, శరీరపు తూకానికి ఆధారమైన అంతరచెవి దానిలోనే దాగి ఉన్నది. ఇబ్న్ సీనా తన 'ఖానూన్'లో కపాలపు ఎముకలను వివరిస్తూ, ప్రక్కగోడల ఎముకలకు వాటి కాఠిన్యాన్ని బట్టి రాతి ఎముకలన్న పేరు చెప్పారు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

ఎముక లోపల మెదడును కప్పి పొరలు ఉంటాయి. పై పొర దళసరి, అడుగు పొర అతి పలుచన. అరబీ వైద్యులు వీటికి 'ఉమ్మ్' అని పేరు పెట్టారు. ఉమ్మ్ అనగా తల్లి. దళసరిదానిని గట్టి తల్లి అనీ, పలుచనిదానిని సున్నితమైన తల్లి అనీ వారు వ్యవహరించారు. ఒక వస్తువును పొదివి పట్టుకొన్న దానిని తల్లి అనడం అరబీ నుడికారానికి సహజం. పదవ శతాబ్దంలో అలీ ఇబ్న్ అబ్బాస్ మజూసీ రచించిన వైద్యగ్రంథాన్ని 1127లో అంతియోకియా వాసి స్తెఫాను లాటిన్‌లోకి అనువదించి, ఈ పదాలను ఉన్నవి ఉన్నట్లు 'డ్యూరా మేటర్', 'పయా మేటర్' అని మార్చాడు. మేటర్ అన్నా తల్లియే. నేడు నాచారంలోనో ఉప్పల్‌లోనో ఎవరైనా మోటారు సైకిలు మీద నుండి పడి తలకు దెబ్బ తగిలితే, స్కానింగు రిపోర్టులో 'సబ్‌డ్యూరల్' రక్తస్రావమని వ్రాస్తారు. ఆ రిపోర్టులోని 'డ్యూరల్' అనే మాట ఆ గట్టి తల్లి పేరు నుండి వచ్చినదే. మన తెలుగు పాఠ్యపుస్తకాలు వీటినే వరాశిక, మృద్వి అంటాయి. నడుమ ఉన్న సాలెగూటివంటి పొర లౌతికళ.

మెదడు లోపల గదులున్నాయి. అవి జఠరికలు. గ్రీకు వైద్యులను అనుసరించి ఇబ్న్ సీనా మూడు గదులను పేర్కొని, అంతరేంద్రియాలను వాటిలో అమర్చారు. ముందు గదిలో ఉమ్మడి జ్ఞానమూ రూపధారణా, నడిమి గదిలో ఊహాశక్తీ ఆలోచనాశక్తీ, వెనుక గదిలో జ్ఞాపకశక్తీ ఉంటాయని ఆ సిద్ధాంతం. ఈనాటి శాస్త్రం ప్రకారం జఠరికలు నాలుగు. ఆలోచన గదుల ఖాళీలో జరగదు, చుట్టూ ఉన్న మెదడు కణజాలంలో జరుగుతుంది. గదులలో ఉండేది నిర్మలమైన ద్రవం. ఏ సమయంలోనైనా మెదడు, వెన్నుపాముల చుట్టూ, లోపలా కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు ఊరి, మరల రక్తంలో కలుస్తుంది. సుమారు 1,300 గ్రాముల మెదడు ఈ ద్రవంలో తేలియాడుతూ తన బరువు తనపై పడకుండా నిలుస్తుంది. ఈ ద్రవానికి దారి మూసుకొంటే పసిపిల్లల తల ఉబ్బుతుంది. కార్డోవాకు చెందిన శస్త్రవైద్యుడు జహ్రావీ ఇటువంటి బిడ్డను చూశారు. తల రోజురోజుకూ పెరిగి, మెడ మోయలేక, చివరకు ఆ బిడ్డ మరణించిన సంగతిని వ్రాసి, తాను ఈ వ్యాధికి శస్త్రం పట్టదలచలేదని చెప్పారు. చేయలేని దానిని చేయలేనని వ్రాసిపెట్టడం కూడా శాస్త్రమే. నేడు సన్నని గొట్టాన్ని అమర్చి ఆ ద్రవాన్ని పొట్టలోకి మళ్లించి బిడ్డలను కాపాడుతున్నారు.

కంటి నుండి మెదడుకు పోయే నాడులు కూడా కపాలం అడుగునే కలుసుకొంటాయి. ఇబ్నుల్ హైసమ్ (965 - సుమారు 1040) దృష్టిశాస్త్ర గ్రంథపు ఒక వ్రాతప్రతి 1083 నాటిది ఇస్తాంబుల్‌లో ఉన్నది. రెండు కళ్లు, రెండు నాడులు, అవి కలిసే చోటు చూపే చిత్రం అందులో ఉన్నది. కంటి నుండి మెదడు వరకు దృష్టిమార్గాన్ని చూపే చిత్రాలలో మనకు దొరికిన అతి ప్రాచీనమైన వాటిలో ఇది ఒకటి. రెండు కళ్లు చూసిన రెండు రూపాలు ఆ కూడలిలో ఒకటవుతాయని ఆయన భావించారు. నిజానికి ఆ కూడలిలో జరిగేది వేరు. ప్రతి కంటి నాడీతంతులలో సుమారు సగం అక్కడ ఎదుటి ప్రక్కకు దాటుతాయి, రూపాలు ఒకటయ్యేది మెదడు వెనుకభాగంలో. అయినా రెండు కళ్లకు ఒకే దృశ్యం ఎలా కనబడుతుందన్న ప్రశ్నను కంటిలో కాక కపాలం లోపల వెదకడం గొప్ప ముందడుగు. ఈ గ్రంథానికి కమాలుద్దీన్ ఫారిసీ వ్రాసిన వ్యాఖ్యానం 'తన్ఖీహుల్ మనాజిర్' 1928-30 మధ్య అచ్చయినది మన హైదరాబాదులోనే.

ఇంతవరకు చెప్పినది విని, అన్నీ మన పూర్వులకు ముందే తెలుసునని అనుకొంటే పొరపాటు. రెండవ వైపు కూడా చూడాలి. మెదడు అడుగున రక్తనాళాలు వలలాగా అల్లుకొని ఉంటాయని గ్రీకు వైద్యుడు గాలెన్ వ్రాశాడు. అరబీలో దానిని 'షబకా' అన్నారు. ఇబ్న్ సీనా కూడా దానిని అంగీకరించారు. కాని ఆ వల గొర్రెలలోనూ పశువులలోనూ ఉంటుంది, మనిషిలో లేదు. గాలెన్ జంతువులను కోసి చూసి మనిషికి వర్తింపజేశాడు. ఆ తప్పు వెయ్యి సంవత్సరాలకు పైగా నిలిచింది. ఐరోపాలో కూడా వెసేలియస్ 1538లో ఆ వలను చిత్రించి, 1543లో తానే దానిని నిరాకరించాడు. మరి మన హకీములు ఎందుకు దిద్దలేదు? షరియత్ పట్ల గౌరవమూ, హృదయంలోని కరుణా తనను శవచ్ఛేదానికి దూరంగా ఉంచాయని పదమూడవ శతాబ్దపు ఇబ్నున్ నఫీస్ స్వయంగా చెప్పుకొన్నారు. మృతదేహపు గౌరవం చిన్న విషయం కాదు. అయితే దాని వలన కొంత జ్ఞానం ఆలస్యమైన మాట కూడా దాచవలసినది కాదు.

అటువంటి పరిమితులలోనే సత్యానికి దారి చేసుకొన్నవారు ఉన్నారు. రాజీ 'గాలెన్‌పై సందేహాలు' అనే గ్రంథమే వ్రాశారు. గాలెన్‌ను గురువుగా గౌరవిస్తూనే, గురువు కన్నా సత్యం మీద ప్రేమ ఎక్కువగా ఉండాలన్నది ఆయన వైఖరి. అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ (1162-1231) మరొక ఉదాహరణ. 1200లో మొదలైన ఘోరక్షామంలో ఈజిప్టులో అసంఖ్యాక జనం మరణించారు. కైరో సమీపాన మఖ్స్ వద్ద ఎముకలు గుట్టలుగా పడి ఉన్నాయని విని ఆయన అక్కడికి వెళ్లారు. క్రింది దవడ రెండు ఎముకల కలయిక అని గాలెన్ చెప్పగా, బగ్దాదీ రెండు వేలకు పైగా పుర్రెలను పరిశీలించి అది ఒకే ఎముక అని నిర్ధారించారు. ఒక్కరే చూసి ఊరుకోలేదు, ఇతరుల చేత కూడా పరీక్ష చేయించారు. గాలెన్ ఎంతటివాడైనా కంటితో చూసిన సాక్ష్యం అతని మాట కన్నా బలమైనదని వ్రాశారు. ఆయన శవాలను కోయలేదు. విపత్తు బయటపెట్టిన ఎముకలను శ్రద్ధతో చదివారు.

ఇక్కడ మరల ఉప్పల్ దారికి వద్దాం. సి.సి.ఎం.బి. 1977లో పుష్ప మిత్ర భార్గవ నేతృత్వంలో ఏర్పడినది. దాని ప్రాంగణం 1987లో ప్రారంభమైనది. డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం 1996లో ఏర్పడి, చాలాకాలం నాచారంలో పనిచేసి, తరువాత ఉప్పల్‌లోని తన సొంత ప్రాంగణానికి చేరినది. పేరు తెలియని దేహాలకు పేరు తెచ్చిపెట్టడం, న్యాయస్థానాలకు సాక్ష్యం అందించడం దాని విధులలోనివి. ఎండిపోయిన పుర్రెలో డి.ఎన్.ఎ. అన్నిటి కన్నా బాగా నిలిచేది అంతరచెవిని పొదిగిన ఆ రాతి ఎముకలోనేనని 2014, 2015 నాటి పరిశోధనలు చూపాయి. పూర్వులు కాఠిన్యాన్ని చూసి రాయి అన్నారు. ఆ కాఠిన్యమే వేల సంవత్సరాల తరువాత కూడా మనిషి ఆనవాలును కాపాడుతున్నది.

పంజాబులోని అజ్‌నాలాలో 2014లో ఒక పాత బావి నుండి మానవ అస్థులు బయటపడ్డాయి. 1857లో వధింపబడిన సిపాయిలవని కొందరు, దేశవిభజన నాటివని మరికొందరు వాదించారు. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర సంస్థలవారితో కలిసి దంతాలను పరీక్షించి, వారు గంగా మైదాన ప్రాంతీయులని 2022లో ప్రకటించారు. ఆ ఆనవాలు 1857 నాటి సిపాయిల కథనాన్ని బలపరచింది. మఖ్స్ ఎముకల గుట్ట వద్ద బగ్దాదీ చేసినదీ, హబ్సిగూడలో జరిగినదీ ఒకే జాతి పని. చనిపోయినవారిని అవమానించకుండా, వారు చెప్పగలిగిన సత్యాన్ని వినడం ఆ పని.

మన సభలలో రెండు మాటలు తరచు వినబడుతుంటాయి. ఆధునిక శాస్త్రమంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదన్నది ఒకటి. అరబ్బులు గ్రీకుల గ్రంథాలను మోసుకొచ్చారు తప్ప తమదంటూ ఏమీ లేదన్నది రెండవది. కపాలం లోపలి కథ ఈ రెండింటినీ ఖండిస్తున్నది. గట్టి తల్లి పేరు మన పూర్వుల దానమే, లేని వలను నమ్మినదీ వారే, ఆ నమ్మకాలను పరీక్షించే పద్ధతి చూపినదీ వారిలోని వారే. వారి తప్పులను దాచిపెట్టి పొగిడితే, వాటిని దిద్దిన రాజీని, బగ్దాదీని కూడా దాచిపెట్టినట్లే అవుతుంది.

నేడు అరబీ చదివిన మన యువకులకు శరీరశాస్త్రం తెలియదు. శరీరశాస్త్రం చదివిన యువతీయువకులకు అరబీ రాదు. ఉప్పల్‌లో, నాచారంలో, తార్నాకలో ఈ రెండు రకాల పిల్లలూ ఒకే వీధిలో నివసిస్తున్నారు. 'అల్ హావీ'లోని శిరోవ్యాధుల భాగాన్ని ఒక అరబీ పండితుడు, ఒక వైద్యుడు కలిసి కూర్చొని, ఏది నిలిచినది, ఏది వీగిపోయినది అని గుర్తులు పెడుతూ తెలుగులోకి తెస్తే, పాఠకులకు పూర్వుల గ్రంథంతో పాటు వారి పరీక్షా పద్ధతి కూడా అందుతుంది. అచ్చు పని హైదరాబాదు ఏనాడో ముగించింది. చదివే పని మాత్రం మనకు మిగిలి ఉన్నది.