అరవై నాలుగు గడుల లెక్క

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే పట్టే గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును ఈ బహుమానమే కోరాడన్న కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ తన చరిత్ర గ్రంథంలో చెప్పాడు. లెక్క మాత్రం అంతకు చాలా ముందే తేలింది.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బెరూనీ దాన్ని గడిగడికీ కూడకుండానే రాబట్టాడు. ఏ గడి దాకా కూడినా మొత్తం ఆ పై గడిలోని గింజల కంటే ఒకటి తక్కువే. కాబట్టి బల్ల మీద లేని 65వ గడి విలువ తెలిస్తే చాలు. 2ను వర్గం చేస్తే మూడో గడిలోని 4 వస్తుంది. 4ను వర్గం చేస్తే ఐదో గడిలోని 16. ఆపైన 9వ గడికి 256, 17వ గడికి 65,536, 33వ గడికి 4,29,49,67,296. ఇంకొక్క వర్గంతో 65వ గడి చేతికొస్తుంది. అందులో ఒకటి తీసేస్తే సరి. మొత్తం ఆరు గుణకారాల పని.

తెలుగులో ఈ సంఖ్య పద్యంలోకి ఎక్కింది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఇరవై అంకెలూ భూతసంఖ్యల్లో ఇమిడిపోయాయి. బాణాలు ఐదు గనుక 5, చంద్రుడొక్కడే గనుక 1, ఆకాశం సున్న, వేదాలు 4, ఏనుగు 8. ఒకట్ల స్థానంలోని 5తో మొదలై ఎడమకు నడిచి, చివర ఏనుగు, చంద్రుడితో 8, 1 దగ్గర ఆగుతుంది. ఇది కేవలం కవి చమత్కారం కాదు. మాట జారితే ఛందస్సు కుంటుతుంది గనుక లేఖకుడి పొరపాటు అంత తేలిగ్గా దాగదు.

ఐరోపా గణితజ్ఞులకు ఈ గింజల సంఖ్య కారణాంకాల మీద ఆసక్తి కలిగింది. ఇది ఒక వర్గం కంటే ఒకటి తక్కువ కావడంతో 4,29,49,67,295, 4,29,49,67,297 అనే రెండింటి లబ్ధంగా విడిపోతుంది. మొదటిది అదే పద్ధతిలో విరుగుతూ 3, 5, 17, 257, 65,537 దాకా వస్తుంది. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరుసలో తర్వాతిదైన 4,29,49,67,297 కూడా ప్రధానమేనని ఫెర్మా 1640 నాటికే నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో శేషం లేకుండా భాగించి చూపాడు. దాని భాజకమేదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉండాలని తర్వాత నిరూపించాడు. ఆ నియమం ప్రకారం వెతికితే 193, 257, 449, 577 పనికిరావు, ఐదో ప్రధాన సంఖ్యే 641. భాగఫలం 67,00,417 కూడా ప్రధానమే. అలా గింజల సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు తేలాయి.

1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడువర్ ల్యూకా హనోయ్ గోపురం ఆటను అమ్మకానికి పెట్టినప్పుడు, కాశీ గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి మారుస్తున్నారన్న కథ దానికి తోడైంది. కథ కల్పితం, లెక్క అసలైనదే. అన్ని బిళ్లలూ మార్చడానికి పట్టే ఎత్తులు సరిగ్గా గింజలన్ని. సెకనుకో ఎత్తు చొప్పున 58 వేల కోట్ల ఏళ్ల పైమాట. నేటి కంప్యూటర్లలో 64 బిట్ల స్థలంలో గుర్తు లేకుండా రాయగల అతి పెద్ద పూర్ణ సంఖ్య కూడా ఈ గింజల సంఖ్యే.