రాయ్‌పూర్ నుంచి కోంటా దాకా: బీఎస్ఎన్ఎల్ 2జీ నుంచి స్వదేశీ 4జీకి చేరిన కథ

టెలికాం అనగానే మనలో చాలామంది 2జీ, 3జీ, 4జీ అని ఒక పట్టిక రాసుకుని, పక్కన వేగాలు బట్టీపట్టి వదిలేస్తాం. ప్రిలిమ్స్‌కు అది సరిపోవచ్చు. మెయిన్స్‌లో మాత్రం అడిగే తీరు వేరు: ఒక టెక్నాలజీ దేశంలోకి వచ్చిన ఏడాదికీ, అది చివరి ఊరికి చేరిన ఏడాదికీ మధ్య అంత దూరం ఎందుకు?

ఛత్తీస్‌గఢ్ దీనికి మంచి ఉదాహరణ. మ్యాప్‌లో జాతీయ రహదారి 30ని వెతకండి. రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరి, కాంకేర్, జగదల్‌పూర్, సుక్మా మీదుగా కోంటా చేరి, అక్కడి నుంచి చింతూరు, భద్రాచలం వైపు మన దగ్గరికే వస్తుంది. ఈ ఒక్క దారిని గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

1. నెల తేడాతో పుట్టిన సంస్థ, రాష్ట్రం

బీఎస్ఎన్ఎల్ 2000 అక్టోబర్ 1న పని మొదలుపెట్టింది. సరిగ్గా నెల తర్వాత, నవంబర్ 1న, రాయ్‌పూర్ రాజధానిగా ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. బీఎస్ఎన్ఎల్ తన పరిపాలన కోసం ఇక్కడ విడిగా సర్కిల్ పెట్టుకుంది. కానీ లైసెన్సుల లెక్కలో ఛత్తీస్‌గఢ్ ఇప్పటికీ మధ్యప్రదేశ్ సర్వీస్ ఏరియాలో భాగమే. తెలంగాణ విడిపోయాక కూడా ఆంధ్రప్రదేశ్ సర్వీస్ ఏరియా ఒకటిగానే ఉన్నట్టు అన్నమాట.

దీని ప్రభావం గమనించండి. స్పెక్ట్రంను సర్వీస్ ఏరియా మొత్తానికి వేలం వేస్తారు. కొన్న కంపెనీ పెట్టుబడి మాత్రం ముందు ఇండోర్, భోపాల్, రాయ్‌పూర్ లాంటి నగరాలకు వెళ్తుంది. బస్తర్ అడవి వంతు ఆఖరున వస్తుంది.

2. 2జీ: ఆలస్యంగా వచ్చినా అందరి దగ్గరికీ

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీ మధ్య జరిగింది. బీఎస్ఎన్ఎల్ ‘సెల్‌వన్’ పేరుతో మొబైల్ రంగంలోకి దిగింది 2002 అక్టోబర్‌లో. అంటే ఏడేళ్లు ఆలస్యం. వాడింది జీఎస్ఎం. ఇందులో 200 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని ఎనిమిది కాల భాగాలుగా చేసి పంచుతారు. మాటకు, ఎస్ఎంఎస్‌కు ఇది చాలు. డేటాకు చాలదు.

3. 3జీ: ముందు దక్కిన అవకాశం

ప్రైవేటు కంపెనీల కోసం 3జీ వేలం జరిగింది 2010లో. బీఎస్ఎన్ఎల్ అంతకుముందే, 2009 ఫిబ్రవరిలో, చెన్నైలో 3జీ ప్రారంభించింది. అయితే వేలంలో తేలిన ధరే తానూ కట్టాల్సి వచ్చింది. ఆ భారం పది వేల కోట్ల రూపాయలకు పైనే. అదే ఏడాది 9.3 కోట్ల లైన్ల విస్తరణ టెండర్ రద్దయింది. స్పెక్ట్రం చేతిలో ఉన్నా పరికరాలు కొనలేకపోతే నెట్‌వర్క్ పెరగదు. ప్రభుత్వ రంగ సంస్థల గురించి రాసేటప్పుడు ఈ అంశాన్ని తప్పక వాడండి.

4. బస్తర్ గడియారం

ఇక్కడ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి.

• 2012: కోల్‌కతాలో దేశంలోనే తొలి 4జీ సేవ.
• 2014: వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో బీఎస్ఎన్ఎల్ టవర్లకు కేంద్రం సవరించిన ఆమోదం. ఆ టవర్లు 2జీ.
• 2022: పది రాష్ట్రాల్లోని అలాంటి 2,343 టవర్లను 4జీకి మార్చాలని ఏప్రిల్‌లో నిర్ణయం. అదే ఏడాది అక్టోబర్‌లో నగరాల్లో 5జీ మొదలు.

2జీని ఎంచుకోవడం అప్పట్లో పూర్తిగా తప్పని కొట్టిపారేయకండి. కరెంటు లేని చోట సౌరశక్తితో టవర్ నడపాలి. ఫైబర్ లేని చోట ఉపగ్రహం ద్వారా అనుసంధానం ఇవ్వాలి. మావోయిస్టులు టవర్లను తగలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. పైగా మాటకూ విలువ ఉంది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో మొదలుపెట్టిన ‘సీజీనెట్ స్వర’లో గ్రామస్థులు మామూలు ఫోన్‌తోనే గోండి వంటి తమ భాషల్లో సమస్యలను రికార్డు చేసేవారు.

కానీ తర్వాత పాలనే డేటా మీదికి మారింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో మొబైల్ యాప్ హాజరు తప్పనిసరి అయింది. ఆ ఫొటోలు సర్వర్‌కు చేరితేనే కూలీకి లెక్క. అప్పటి నుంచి సిగ్నల్ సౌకర్యంగా మిగల్లేదు, హక్కు అందుకోవడానికి షరతుగా మారింది.

5. స్వదేశీ 4జీ

2016లో జియో 4జీతోనే మార్కెట్లోకి వచ్చింది. బీఎస్ఎన్ఎల్‌కు 4జీ స్పెక్ట్రం కేటాయింపు 2019 పునరుద్ధరణ ప్యాకేజీలో గానీ దక్కలేదు. 2020లో పిలిచిన 4జీ టెండర్ రద్దయింది. ఆ తర్వాత దేశీయ పరికరాలే వాడాలన్న దారి పట్టారు. కోర్ నెట్‌వర్క్ సీ-డాట్‌ది, రేడియో పరికరాలు తేజస్ నెట్‌వర్క్స్‌వి, వాటిని కలిపి నిలబెట్టే పని టీసీఎస్‌ది. 2025 సెప్టెంబర్ 27న ప్రధాని ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ఈ 4జీని జాతికి అంకితం చేశారు. 1984లో గ్రామీణ ఎక్స్ఛేంజీలను మన దేశంలోనే తయారు చేయాలని పుట్టిన సీ-డాట్, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కీలకమైంది.

దీనికి రెండు వైపులూ రాయండి. వేచి చూసిన కాలంలో బీఎస్ఎన్ఎల్ వినియోగదారులను పోగొట్టుకుంది. దేశానికి మాత్రం సొంతంగా 4జీ నిర్మించే సామర్థ్యం మిగిలింది. ఆ ఎదురుచూపు భారం రాయ్‌పూర్‌లో ఉన్నవారి మీద పెద్దగా పడలేదు, వాళ్లకు వేరే కంపెనీ సిమ్ దొరికింది. బీఎస్ఎన్ఎల్ టవర్ ఒక్కటే ఉన్న ఊళ్లో అలా మార్చుకునే వీలు లేదు. స్వావలంబన ఖరీదులో ఎక్కువ వాటా ఎవరు కట్టారో మీ జవాబులో ఒక్క వాక్యమైనా ఉండాలి.

సాధన ప్రశ్న: “మార్కెట్ చేరని చోట ప్రభుత్వ రంగ టెలికాం సంస్థ పాత్ర”ను ఛత్తీస్‌గఢ్ ఉదాహరణతో విశ్లేషించండి. (250 పదాలు)

సూచన: తేదీల జాబితాతో మొదలుపెట్టకండి. రాయ్‌పూర్‌కూ కోంటాకూ ఉన్న తేడాతో మొదలుపెట్టండి.