మేపుల్ రసం ప్రీహీటర్

మేపుల్ సిరప్ కాచే పెనంలోకి చల్లటి చెట్టురసం చేరేలోపే, ఆ పెనం నుంచి లేచే ఆవిరితోనే దాన్ని వేడిచేసే గొట్టాల అమరికను ప్రీహీటర్ అంటారు. కెనడాలోని క్యూబెక్, ఒంటారియో, అమెరికాలోని వెర్మాంట్, న్యూయార్క్, మెయిన్ ప్రాంతాల్లో సొంత చెట్ల రసాన్ని కట్టెల పొయ్యి మీద కాచుకునే చిన్న ఉత్పత్తిదారులు కూడా దీన్ని రసం కాచే తమ పరికరానికి, అంటే ఎవాపరేటర్‌కు, అమర్చుకుంటారు.

అవసరం

షుగర్ మేపుల్ చెట్టురసంలో చక్కెర సాధారణంగా 2 శాతం దగ్గర ఉంటుంది. సిరప్‌లో అది 66, 67 శాతానికి చేరాలి. ఉత్పత్తిదారులు వాడే లెక్క సులువైనది: 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక లీటరు సిరప్‌కు ఎన్ని లీటర్ల రసం కావాలో తెలుస్తుంది. 2 శాతం రసమైతే 43 లీటర్లు. అందులో 42 లీటర్లు ఆవిరైపోవలసిందే. అనకాపల్లి వైపు బెల్లం వండే చెరకురసంలో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, అక్కడ ఇంత నీటిని మరిగించే పని ఉండదు.

పైగా రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే వెచ్చదనం ఉన్న రోజుల్లోనే మేపుల్ రసం బాగా కారుతుంది. చాలాచోట్ల అది ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు సాగే కాలం. తొట్టిలోని రసం మంచుకు దగ్గరి చల్లదనంతో ఉంటుంది. అది నేరుగా పెనంలో పడితే, పడినచోట మరుగు చచ్చిపోతుంది. పెద్ద పెనం దీన్ని తట్టుకుంటుంది. చిన్న పెనంలో మాత్రం సగం భాగం కాసేపు ఊరకే వేడెక్కుతూ ఉండిపోతుంది.

పనితీరు

చిన్న ఎవాపరేటర్‌లో సాధారణంగా రెండు పెనాలు ఉంటాయి. వెనుకదానిలో రసం మరుగుతుంది, ముందుదానిలో పాకం తయారవుతుంది. వెనుక పెనం మీద మూతలాంటి హుడ్ బిగించి, దాని లోపల రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాల వరసను పెడతారు. ఎత్తున ఉన్న తొట్టి నుంచి రసం ఈ గొట్టాల గుండా పారి, పెనంలోకి వెళ్లే రసాన్ని మట్టాన్ని బట్టి వదిలే ఫ్లోట్ వాల్వ్ దగ్గరకు చేరుతుంది. ఆవిరి చల్లటి గొట్టాన్ని తాకి నీరుగా మారుతూ తన గుప్తోష్ణాన్ని రసానికి అప్పగిస్తుంది. హుడ్ లేకపోతే ఆవిరిలో గాలి కలిసి ఈ బదిలీ బలహీనపడుతుంది.

ఇందులో అత్యంత ముఖ్యమైన భాగం గొట్టాల కింద వాలుగా ఉండే పళ్లెం. గొట్టాలకు పట్టిన నీటిని అది బయటికి తీసుకుపోతుంది. పళ్లెం పెట్టకపోతే ఆ నీరు మళ్లీ పెనంలోకే కారుతుంది, దాన్ని రెండోసారి ఆవిరి చేయాలి. రసం వేడెక్కినందువల్ల మిగిలిన ఇంధనమంతా ఆ పనికే ఖర్చవుతుంది. గొట్టాలను ఎంత అందంగా అతికినా పళ్లెం లేని ప్రీహీటర్ మరుగును నిలకడగా ఉంచగలదే తప్ప కట్టెలను మిగల్చదు.

లాభం

3 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న కిలో రసాన్ని మరుగుకు తేవడానికి దాదాపు 405 కిలోజౌళ్లు, ఆవిరి చేయడానికి మరో 2,257 కిలోజౌళ్లు కావాలి. అంటే ముందుగా వేడిచేసి మిగల్చగలిగేది మొత్తంలో 15 శాతం మాత్రమే. అంతకుమించి ఆశ పెట్టేవారిని నమ్మనక్కర్లేదు. రసాన్ని 73 డిగ్రీలకు తేగలిగితే, గంటకు 80 లీటర్లు ఆవిరి చేసే ఎవాపరేటర్ అదే మంట మీద 90 లీటర్లు చేయగలదని లెక్క తేలుతుంది. చెట్లు జోరుగా కారే రోజున పొయ్యి దగ్గర నిలబడినవారికి ఇది చిన్న లాభం కాదు. పళ్లెం నుంచి గంటకు సుమారు 12 లీటర్ల వేడినీరు కూడా దొరుకుతుంది. పెనాలు, గిన్నెలు కడగడానికి అది చక్కగా పనికొస్తుంది.

జాగ్రత్తలు

ఫ్లోట్ వాల్వ్ మూసుకున్నప్పుడు గొట్టాల్లో ఆగిన రసం మరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే పై చివరన తెరిచి ఉండే నిలువు గొట్టాన్ని, తొట్టిలోని రసం మట్టం కంటే ఎత్తుగా, పెడతారు. గాలి, ఆవిరి దాని గుండా పోతాయి. గొట్టాలకు ఒకే దిశలో వాలు ఉంటే గాలి ఎక్కడా చిక్కుకోదు, పని ముగిశాక రసమంతా కారిపోతుంది. రాత్రి రసం మిగిలితే గడ్డకట్టి గొట్టం పగలవచ్చు. గోరువెచ్చగా నిలిచిన రసంలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగి సిరప్ రంగును, రుచిని చెడగొడతాయి.

అతుకులకు సీసం లేని టంకమే వాడాలి. సీసం కలిసిన పాత ఇత్తడి అమరికలనూ దూరం పెట్టాలి, ఎందుకంటే రసంలోకి దిగిన సీసం పాకం చిక్కబడేకొద్దీ గాఢమవుతుంది.

హుడ్ కట్టే వీలులేనివారు కొందరు రాగి గొట్టాన్ని పొగగొట్టానికి చుడతారు. ఇది మంచి పద్ధతి కాదు. ప్రవాహం తగ్గగానే రసం లోపలే మాడుతుంది. పొగ చల్లబడి పొగగొట్టం లోపల మండే మసి పేరుకుంటుంది. పొయ్యి అంచున చిన్న గిన్నె నిలిపి, అందులో వెచ్చబడిన రసాన్ని కుళాయితో సన్నధారగా పెనంలోకి వదలడం దీనికంటే సురక్షితం, ఖర్చూ తక్కువ.