నీళ్లలోకి దిగేముందు ఎవరేమడిగారు?

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. అత్యధికులు మాదిగలు. మిషన్ చరిత్రలకు ఈ అంకె గర్వకారణం. మత మార్పిడిని తిట్టేవాళ్లకు ఇది కరువులో గంజి పోసి కలుపుకున్న లెక్క. ఇద్దరికీ అంకె కావాలి, ఆ నీళ్లలో నిలబడ్డ మనిషి అక్కర్లేదు. మేము అడిగేది చిన్న ప్రశ్న: దిగేముందు వాళ్లను ఎవరేమడిగారు?

అడగటం బాప్టిస్టుల సిద్ధాంతంలోనే ఉంది. నమ్మి, నోటితో ఒప్పుకున్నవాడికే ముంపు బాప్తిస్మం. చంటిపిల్లలకు లేదు. గుంటూరు లూథరన్లు, బందరు ఆంగ్లికన్లు, కడప లండన్ మిషన్ వాళ్లు పసిబిడ్డకూ నీళ్లు చిలకరిస్తారు, తల్లిదండ్రుల విశ్వాసం చాలంటారు. పల్లెల్లో ఈ తేడా వేదాంతంగా మిగల్లేదు. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. 'మునిగినోళ్లు, చిలకరించుకున్నోళ్లు' అనే మాట వెనక ఏ వాడ ఉందో వినేవాళ్లకు తెలుసు గదా!

ఒంగోలు ఉద్యమాన్ని మొదలుపెట్టింది జాన్ క్లౌ దొర ఒక్కడే కాదు. యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లోనే బాప్తిస్మం పొందారు. తోలు పని చేసుకునే పేరయ్య అంతకుముందే యోగం చెప్పే గురువుల దగ్గర తిరిగినవాడు. అంటే వెతుకులాట దొర రాకముందే పల్లెలో ఉంది. చేరేవాళ్లకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మొదటిది వెట్టి మీద దెబ్బ. ఆదివారం రానని మాదిగవాడు రైతుకు చెప్పాలి. కరణం, మునసబు ఆజ్ఞాపించటమే తప్ప 'నువ్వేమంటావు?' అని అడిగిన పాపాన పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినందుకు దెబ్బలు తిన్నవాళ్లున్నారు.

కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని క్లౌ తీసుకున్నాడు. వేలమంది అక్కడ కూలి దొరికి బతికారు. ఆ కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి వాదన చేసేవాళ్లు దీన్ని దాటేసి పోతారు. ఒక్కరోజులో అంతమందిని నిజంగా పరీక్షించారా అనే అనుమానం మాత్రం న్యాయమైనదే. మా అంచనాలో ఆ పరీక్ష ఏటి ఒడ్డున జరిగింది కాదు, అంతకుముందే పల్లెల్లో, అక్కడివాళ్లే అయిన బోధకులు చేసింది.

శిశు బాప్తిస్మాన్ని తేలిగ్గా తీసేయలేం. పుట్టుకతోనే అంటరాని ముద్ర వేసే ఊళ్లో, అదే పుట్టుకతో ఏ పరీక్షా లేకుండా ఒక పేరూ, సంఘంలో ఒక చోటూ దక్కటం చిన్న సంగతి కాదు. 1947లో ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘం రెండు పద్ధతులకూ చోటిచ్చింది.

అయితే సంఘం రిజిస్టరు మీద రాజ్యం కన్ను పడటం కొత్త కాదు. జూరిక్‌లో పిల్లలందరికీ బాప్తిస్మం ఇప్పించి తీరాలని నగరసభ శాసించింది. 1525లో కొందరు పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. అందుకే 1527లో ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మత్ నదిలో ముంచి చంపారు. ఆ సంప్రదాయానికి వారసులైన మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు 19వ శతాబ్దం చివర్లో రష్యా నుంచి నల్గొండకు చేరారు.

ఇక్కడ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతాన్ని 'అవలంబించే' వారికే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులు బయటే ఉన్నారు, మన దగ్గర బీసీ-సిలో. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరి ఎస్సీ ధ్రువపత్రం కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. పెద్దయ్యాక ఆమె చర్చికి వెళ్లటంతో పాటు, పుట్టిన కొద్ది వారాలకే ఇచ్చిన బాప్తిస్మమూ అందులో ఆధారమైంది. అవలంబించటం అంటే మనిషి ఎరిగి ఒప్పుకోవటం. ఒళ్లో ఉన్న ఆ పిల్ల ఏం ఒప్పుకున్నట్టు?