మజిల్ కారు రూపశైలి

1960ల మధ్య నుంచి 1970ల తొలి ఏళ్ల వరకు అమెరికాలో తయారైన, మధ్యస్థ పరిమాణపు రెండు తలుపుల బాడీలో పెద్ద వి-8 ఇంజన్ అమర్చిన వేగవంతమైన కార్లను మజిల్ కార్లు అంటారు. 1964లో పాంటియాక్ సంస్థ తన టెంపెస్ట్ కారుకు అదనపు ప్యాకేజీగా తెచ్చిన జీటీవోతో ఈ తరగతి స్థిరపడిందని సాధారణంగా చెబుతారు. అయితే ఆ కారు చూపులకు మామూలు కుటుంబపు కారుకు పెద్దగా భిన్నం కాదు. రూపాన్ని విడిగా అంచనా వేయదగిన కార్లు ఆ తర్వాతే వచ్చాయి.

చారలు, ముదురు రంగులు, బానెట్ మీది గాలి తూములు మొదట కంటపడినా, ఆ తూముల్లో చాలావరకు గాలి చొరని ఉత్తుత్తి అలంకారాలే కాబట్టి, అసలు చూడవలసింది నిష్పత్తులను. 1968 డాడ్జ్ ఛార్జర్ ఇందుకు మేలైన ఉదాహరణ. రిచర్డ్ సయస్ గీసిన ఆ రూపంలో తలుపుల దగ్గర సన్నబడి, చక్రాల మీద ఉబ్బే పక్కభాగం ఉంది. నడుము సన్నని కోక్ సీసాను పోలినందున ఈ శైలికి ఆ పేరే స్థిరపడింది. హెడ్‌లైట్లు మూతల వెనుక దాగడం వల్ల ముందుభాగమంతా ఒకే నల్లని గ్రిల్‌గా కనిపిస్తుంది. వెనుక అద్దం లోపలికి ఒదిగి, దాని ఇరుపక్కలా పైకప్పు అంచులు డిక్కీ వైపు వాలుతాయి. 1969లో గ్రిల్ మధ్య చేర్చిన విభజన ఆ ఏకత్వాన్ని కొంత చెడగొట్టిందనే చెప్పాలి.

కంటికి ఇంపైన ఈ లోతులే నాస్కార్ కార్ల పందేల్లో లోపాలయ్యాయి. లోతైన గ్రిల్ గాలిని పట్టి ఆపగా, ఒదిగిన అద్దం దగ్గర గాలి సుడులు తిరిగి కారు వెనుకభాగం పైకి లేవసాగింది. అందుకే 1969లో ఈ రెండింటినీ బాడీ ఉపరితలానికి సమంగా తెచ్చి ఛార్జర్ 500ను, అదే ఏడాది కోసు ముక్కు, ఎత్తయిన వెనుక రెక్క ఉన్న ఛార్జర్ డేటోనాను విడుదల చేశారు. డేటోనాను అందం కొలమానంతో తూచడం సరికాదు. దాని ప్రతి వంపూ వేగం కోసం పుట్టినదే.

బంపర్ల విషయానికొస్తే, 1968 జీటీవోలో బాడీ రంగులోనే కలిసిపోయే మెత్తని ముందు బంపర్ వచ్చి, ముఖభాగానికి కొత్త నునుపు ఇచ్చింది. అయితే, గంటకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నా ముందువైపు దీపాల వంటి భద్రతా పరికరాలు దెబ్బతినకూడదన్న సమాఖ్య ప్రభుత్వ నిబంధన 1973 మోడళ్ల నుంచి అమలుకాగా, అనేక కార్లకు బరువైన బంపర్లు ముందుకు పొడుచుకొచ్చాయి.