పాలపిట్ట, మీర్‌షికారీ, ఒక చట్టం



రాంనగర్‌లో మా గదికి వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కువమంది అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవాళ్ళే. రాష్ట్ర పక్షి ఏదంటే నిద్రలో లేపినా పాలపిట్ట అంటారు. 2014 నవంబర్‌లో ప్రకటించిన సంగతీ చెప్తారు. ఒక మార్కు వచ్చేస్తుంది. ఆ పిట్టను పట్టే మనిషి ఎవరు, అతను ఎట్లా నేరస్తుడయ్యాడు అని ఏ బిట్ బ్యాంకూ అడగదు.

దసరా నాడు జమ్మి పూజ చేసి పాలపిట్టను చూస్తే శుభమని నమ్మకం. ఊర్లో అది పొలం గట్టునో కరెంటు తీగ మీదో ఊరికే దొరికే దర్శనం. పట్నంలో తీగలున్నాయి, పిట్ట లేదు. అందుకే పంజరంలో తెచ్చారు. కాళ్ళకు దారం కట్టి, రెక్కలు కత్తిరించి. చూసినవాళ్ళు దండం పెట్టుకొని చిల్లర ఇస్తారు. పురుగులు తిని బతికే పిట్ట, పంజరంలో ఎన్నాళ్ళుంటుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వల వేయడం, ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం కూడా. బాగుంది. కానీ ఆ చట్టం మొదటి రూపం చూడండి. అందులో వేటకు లైసెన్సులుండేవి: చిన్న వేటకు ఒకటి, పెద్ద వేటకు ఒకటి, ప్రత్యేక వేటకు ఇంకొకటి. వల వేసేవాళ్ళకూ లైసెన్సు ఉండేది, కాగితం మీద. తుపాకి, దరఖాస్తు, ఆఫీసులో తెలిసిన మనిషి ఎవరికుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 1991 సవరణ వచ్చేదాకా, అంటే 19 ఏళ్ళు, చాలా జంతువుల విషయంలో ఈ దేశంలో తప్పు వేటాడడం కాదు. కాగితం లేకుండా వేటాడడం.

ఇంకా వెనక్కి పోదాం. ఇప్పుడు మనం జింకల పార్కు అనుకునే వనస్థలిపురం అడవి ఒకప్పుడు నిజాం షికార్‌గాహ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఆ కాలపు ఫొటోల్లో చచ్చిన పులి, తుపాకులు, దొరలు కనిపిస్తారు. జాడలు తీసినవాళ్ళ పేర్లు, డప్పు కొట్టి జంతువును తరిమినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

మన బీసీ-ఏ జాబితా తెరవండి. పార్ధీ అనే పేరు పక్కన బ్రాకెట్లో మీర్‌షికారీ అని ఉంటుంది. మీర్‌షికార్ అంటే దర్బారులో వేటకు పెద్ద. ఎంత గొప్ప బిరుదు! బ్రిటిష్ ఇండియాలో 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది, తర్వాత పార్ధీలనూ అందులో చేర్చారు. 1887లో అడవి పిట్టల రక్షణకు చట్టం చేశారు. పిట్టకు రక్షణ, పిట్టలు పట్టే కులానికి పుట్టుకతోనే నేరస్తుల ముద్ర. రెండూ ఒకే సర్కారు చేసింది. 1952లో ఆ నేరస్త తెగల చట్టం పోయింది, అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి. పోలీసు చూపు మాత్రం మారలేదు.

1972 చట్టంలో 65వ సెక్షన్ ఒకటుంది. నికోబార్ దీవుల ఎస్టీల వేట హక్కుకు ఈ చట్టం అడ్డు రాదని చెప్తుంది. ఒక్క నికోబార్‌కే. అక్కడ అర్థమైంది ఇక్కడ ఎందుకు అర్థం కాలేదు?

పాలపిట్టను పట్టనివ్వమని నేను అనడం లేదు. పట్టకూడదు. 2022 సవరణ ఇట్లాంటి నేరాలకు జరిమానాను 25,000 నుంచి లక్ష రూపాయల దాకా పెంచింది, మూడేళ్ళ జైలు ఎప్పటినుంచో ఉంది. లక్ష ఎవరు కట్టాలి? పంజరం మోసేవాడు. అడవి జీవిని కొనడమూ నేరమే అని అదే చట్టం చెప్తుంది, కానీ దర్శనం కొనుక్కున్నవాళ్ళు జమ్మి ఆకు జేబులో పెట్టుకొని, అలయ్ బలయ్ చేసుకొని ఇంటికి పోతారు. దసరాకు ముందు నోటీసు పోవాల్సింది మైదానం ఏర్పాట్లు చేసే కమిటీలకు. పిట్ట గూడు ఏ చెట్టు తొర్రలో ఉందో తెలిసిన మనిషికి ఇవ్వాల్సింది అటవీశాఖలో ఉద్యోగం.

వచ్చే భాగంలో అమీన్‌పూర్ చెరువు గురించి రాస్తాను. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడ చేపలు పట్టేవాళ్ళ సంగతి చూద్దాం.